మంగళవారం ఎవరిది?

ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలచేత వారాల పేర్లు చెప్పిస్తున్నాను. తొమ్మిదేళ్ళ బాలుడొకడు చెయ్యెత్తి, "టీచర్‌గారూ, మంగళం అంటే శుభం అని పోయినవారం మీరే చెప్పారు. మరి మా నానమ్మ మంగళవారం నన్ను గోళ్ళు తీసుకోనివ్వదు, జుట్టు కత్తిరించుకోనివ్వదు. శుభమైన రోజయితే ఎందుకు వద్దంటుంది?" అని అడిగాడు. వాడి పక్కనున్న పిల్ల, "మా ఇంట్లోనూ అంతే" అన్నది. తరగతి అంతా నావైపు చూసింది. "వచ్చేవారం చెబుతాను" అని అప్పటికి తప్పించుకొన్నాను.

ప్రశ్న చిన్నదే. కాని ఆ వారమంతా అది నా వెంట తిరిగింది. ఇక్కడే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇల్లు కొనే వ్యవహారం సరిగ్గా అప్పుడే ఒక మంగళవారం దగ్గర చిక్కుకొని ఉన్నది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు పిల్లవాడికి ఇవ్వవలసిన సమాధానం.

మంగళవారానికి అధిపతి కుజుడు. 'కు' అంటే భూమి. భూమికి పుట్టినవాడు కనుక కుజుడు. భూమి కుమారుడనే అర్థంలోనే భౌముడు. ఆకాశంలో నిప్పుకణికవలె ఎఱ్ఱగా కనబడతాడు కనుక అంగారకుడు. ఈ పేర్లన్నీ అతని పుట్టుకనో రంగునో చెప్పేవి. 'మంగళుడు' అన్న పేరు మాత్రం వేరు. జ్యోతిషశాస్త్రం అతనిని పాపగ్రహాలలో చేర్చింది. యుద్ధానికీ, అగ్నికీ, గాయానికీ, నెత్తురుకూ కారకుడని చెప్పింది. అటువంటివాడికి మంగళమన్న పేరెలా వచ్చింది?

మన పెద్దవాళ్ళ మాటతీరు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఇంట్లో బియ్యం అయిపోయాయని వాళ్ళు అనరు, నిండుకొన్నాయంటారు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. మంగళసూత్రం తెగిందని అనడానికి నోరు రాక, పెరిగిందంటారు. గడప దాటేవాడు వెళ్తానని అనడు, వెళ్ళొస్తానంటాడు. రాత్రిపూట పామును పురుగంటారు. మశూచికం ఊళ్ళను ఊడ్చిన కాలంలో దానిని జబ్బు అనక, అమ్మవారు అన్నారు. వేదంలో భయంకరుడైన రుద్రుడిని శివుడని, అంటే శుభకరుడని, పిలవడంలోనూ ఇదే మర్యాద ఉన్నదని పండితులు చెబుతారు. జడిసినదానికి మంచిపేరు పెట్టి, ఆ పేరుకు తగినట్లు నడుచుకొమ్మని వేడుకోవడమన్నమాట. ఎఱ్ఱని గ్రహాన్ని మంగళుడని పిలవడం కూడా అటువంటి వేడుకోలే అని నేననుకొంటాను. ఆ పేరు కూడా చాలలేదేమో, కొన్ని ఇళ్ళలో మంగళవారాన్ని జయవారమంటారు. శని పేరెత్తడానికి జంకి శనివారాన్ని స్థిరవారం అనడమూ ఈ కోవలోదే. లోకం మాత్రం ఎవరికీ జంకదు: కచేరీ చివర మంగళం పాడతారు గనుక, మూతబడిన దుకాణానికి మంగళం పాడేశారంటుంది.

గుడిలో అర్చన చేయించుకొనేటప్పుడు పిల్లలు సంకల్పాన్ని కొంచెం చెవి పెట్టి వింటే బాగుంటుంది. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి చెప్పిన తరువాత అర్చకస్వామి వారం చెబుతారు. ఆదివారమైతే భానువాసరే, సోమవారమైతే ఇందువాసరే, బుధవారమైతే సౌమ్యవాసరే, శుక్రవారమైతే భృగువాసరే, శనివారమైతే స్థిరవాసరే. మంగళవారమైతే భౌమవాసరే. మంగళ శబ్దం అక్కడ సాధారణంగా వినబడదు. దేవుడి ఎదుట నిలబడినప్పుడు పెట్టుడు పేరు అక్కరలేదు కాబోలు.

ఇళ్ళలో వాడే పేర్లు ఊరూరికీ మారతాయి. గురువారం ఉత్తరాంధ్రలో లక్ష్మీవారం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బృహస్పతివారం అరిగి బేస్తవారమైంది. తెలంగాణ పల్లెలలో ఆదిత్యవారం ఐతారమైంది. మీ ఇంట్లో ఏ పేరు నలుగుతుందో పిల్లలకు చెప్పండి. తాత ముత్తాతల ఊరు ఏ వైపుదో ఒక్కొక్కప్పుడు ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది.

ఇక వారాలు ఈ వరుసలోనే ఎందుకున్నాయి? ఇది మహా ముచ్చటైన లెక్క. ఆకాశంలో మెల్లగా కదిలే గ్రహంనుంచి వేగంగా కదిలే గ్రహం వరకు పూర్వులు ఒక వరుస పెట్టారు: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. సూర్యోదయంనుంచి ఒక్కొక్క గంటకు, అంటే ఒక్కొక్క హోరకు, ఈ వరుసలో ఒక్కొక్కరు అధిపతి. తొలి హోర ఎవరిదో ఆ రోజంతా వారి పేరే. ఇరవైనాలుగు హోరలలో ఏడేసి చొప్పున మూడు చుట్లు తిరిగితే మూడు మిగులుతాయి. కనుక మరునాటి తొలి హోర వరుసలో నాలుగవవాడిది. సూర్యుడినుంచి లెక్కపెట్టండి: సూర్యుడు, శుక్రుడు, బుధుడు, నాలుగవవాడు చంద్రుడు, ఆదివారం తరువాత సోమవారం. చంద్రుడినుంచి చంద్రుడు, శని, గురుడు, నాలుగవవాడు కుజుడు. సోమవారం తరువాత మంగళవారం. తరగతిలో పిల్లలు దీనిని వ్రేళ్ళమీద లెక్కపెట్టి, వారం మొత్తం సరిపోయేసరికి కేరింతలు కొట్టారు.

ఈ లెక్క మనదేనా అని ఒక తల్లి అడిగారు. వేదకాలపు కర్మలకు ఆధారం తిథి, నక్షత్రం, వారం కాదు. ఏడు గ్రహాల వారం క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో గ్రీకు జ్యోతిషంతోపాటు మన దేశానికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. హోర అన్న మాటే గ్రీకు మాట. అహోరాత్ర శబ్దంలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తీసివేస్తే హోర అవుతుందని కొందరంటారని వరాహమిహిరుడు వ్రాశాడు. ముద్దుగా ఉన్నా, అది వ్యుత్పత్తికంటే చమత్కారమనే తోస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుని కాలపు స్తంభశాసనం ఉన్నది. క్రీ.శ. 484కు చెందిన ఆ శాసనంలో ఆషాఢ శుద్ధ ద్వాదశి, గురువారం అని ఉన్నది. మన దేశంలో తేదీతోపాటు వారం పేరు కనబడే తొలి శాసనాలలో అది ఒకటి. అనాదిగా వస్తున్నదని మనం అనుకొనే ఆచారానికి కూడా ఒక పుట్టినరోజు ఉంటుంది. దానివల్ల ఆచారం విలువ తగ్గదు. కాని అది మారలేనిది, తాకరానిది అన్న మాట కొంచెం సడలుతుంది.

మంగళవారం ఆచారాలు మనకందరికీ తెలిసినవే. క్షవరం చేయించుకోరాదు, గోళ్ళు తీయరాదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపరాదు. కొత్త పని మొదలుపెట్టరాదు. మంగళవారమూ శుక్రవారమూ ఇంట్లోని డబ్బు గడప దాటరాదు. ఈ చివరి దానిలో ఒక తిరకాసు ఉన్నది. అప్పు తీసుకోవడానికి మంగళవారం చెడ్డదనీ, తీర్చడానికి మాత్రం మంచిదనీ జ్యోతిష్కులు చెబుతారు. ఋణవిమోచన అంగారక స్తోత్రం పుట్టింది అందుకే. డబ్బు బయటకు పోకుండా అప్పు తీరే ఉపాయం మాత్రం ఎవరూ చెప్పలేదు. మా నాన్నగారు ఈ సందేహం లేవనెత్తినప్పుడల్లా మా అమ్మ విననట్లే ఊరుకొనేది.

క్షవరం సంగతి వేరొకటి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మంగళవారం సెలూన్లకు సెలవు. నగరాలలో పెద్ద సెలూన్లు ఈమధ్య తెరుస్తున్నా, పల్లెలలోనూ చిన్న పట్టణాలలోనూ ఇప్పటికీ మూసే ఉంటాయి. తెల్లవారకముందే కత్తి పట్టి, చీకటిపడేదాకా నిలబడి పనిచేసేవారికి, ఆదివారం అందరికంటె ఎక్కువ పని ఉండేవారికి, వారంలో ఒక దినం విశ్రాంతి దొరికింది. దానిని ఏ చట్టమూ ఇవ్వలేదు. ఊరివాళ్ళ భయం ఇచ్చింది. ఆ భయాన్ని మూఢనమ్మకమని రేపు అందరం మానివేస్తే ఆ సెలవు ఏమవుతుంది? ఆచారాన్ని కొట్టిపారేసేముందు దాని నీడన ఎవరు కూర్చున్నారో చూడాలని నాకు అప్పుడు తోచింది.

పైగా చెడ్డదంటున్న ఈ రోజునే మన స్త్రీలు తమ నోముకు ఎన్నుకొన్నారు. శ్రావణ మంగళవారాలలో కొత్తగా పెళ్ళయినవారు అయిదేళ్ళపాటు మంగళగౌరిని పూజిస్తారు. పిండి జ్యోతులు వెలిగించి, వాటి మంటపై అట్లకాడ పట్టి, దానికి అంటిన మసిని కాటుకగా చేసి పంచుకొంటారు. నానబెట్టిన శనగలు వాయనమిస్తారు. మిషిగన్‌లో శ్రావణ మంగళవారమంటే పనిదినం. ఆఫీసునుంచి వచ్చి, చీర మార్చుకొని, ఇంటర్‌స్టేట్ 696 మీద ట్రాఫిక్‌లో పడి, పేరంటానికి చేరేసరికి పొద్దు వాలుతుంది. అట్లకాడ జ్యోతులమీద పెట్టేముందు పొగ అలారాన్ని ఎవరైనా కుర్చీ ఎక్కి విప్పవలసిందే. ఒకసారి మరచిపోయాము. అమ్మవారికంటె ముందు అగ్నిమాపకదళం వస్తుందేమోనని హడలిపోయాము. తిరుమలలో కూడా అష్టదళ పాదపద్మారాధన మంగళవారమే జరుగుతుంది. 1984లో మొదలైన ఆ సేవకు నూట ఎనిమిది బంగారు పద్మాలను సమర్పించినవాడు గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు. ఆ స్వామికి వారాలతోనూ మతాలతోనూ పేచీ లేదన్నమాట.

లోకంలో మంగళవారాన్ని చూసి జడిసేవారము మనమే కాము. రోమనులు కూడా ఈ దినాన్ని తమ యుద్ధదేవుడైన మార్స్‌కు, అంటే ఇదే ఎఱ్ఱ గ్రహానికి, ఇచ్చారు. ఫ్రెంచివారి మార్డి, స్పెయినువారి మార్తెస్ ఆ పేరునుంచి వచ్చినవే. ఆంగ్లంలోని ట్యూజ్‌డేలో ఉన్న టీవ్ కూడా ఉత్తర ఐరోపావారి యుద్ధదేవుడే. మంగళవారం పెళ్ళాడవద్దు, ఓడ ఎక్కవద్దు అని స్పానిష్‌లో సామెత ఉన్నది. తేదీ పదమూడు కూడా తోడైతే వాళ్ళకు మరీ భయం. కాన్‌స్టాంటినోపుల్ 1453 మే 29న, మంగళవారంనాడు పడిపోయింది కనుక గ్రీకులకు ఆ దినం గిట్టదు. ఇక అమెరికాలో 1845 నాటి చట్టం ప్రకారం అధ్యక్ష ఎన్నిక నవంబరులో మొదటి సోమవారం తరువాతి మంగళవారం జరుగుతుంది. ఆదివారం చర్చి, బుధవారం సంత. బండి కట్టుకొని వచ్చే రైతులకు మధ్యలో మంగళవారం వీలని ఆనాటివారు భావించారట. మన వాళ్ళు పౌరసత్వం పుచ్చుకొని తొలిసారి ఓటు వేసే శుభకార్యం మంగళవారమే జరుగుతుంది. డెట్రాయిట్ పక్కనే ఉన్న హామ్‌ట్రామిక్‌లో, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసకాలానికి ముందునాటి మంగళవారం పొంచ్కీ అనే తీపి గారెలకోసం జనం చలిలో బారులు తీరుతారు. ఆనాడు క్షవరం సంగతి ఎవరికీ గుర్తుండదు.

మన నేలమీద జరిగినదే మరొకటి ఉన్నది. కుజుడి దగ్గరకు మన దేశం పంపిన తొలి నౌక మంగళయాన్, శ్రీహరికోటనుంచి 2013 నవంబరు 5న బయలుదేరింది. ఆ రోజు మంగళవారం. 2014 సెప్టెంబరు 24న క్షేమంగా కుజుడి కక్ష్యలో ప్రవేశించింది. ప్రయోగాలకు ముందు రాకెట్టు నమూనాను తిరుమలకు తీసుకువెళ్ళి స్వామి దర్శనం చేసుకోవడం మన అంతరిక్ష శాస్త్రజ్ఞులకు ఆనవాయితీ. దేవుడికి మొక్కారు, వారాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఈ రెండూ ఒకచోట ఎలా ఇమిడాయని కొందరు ఎద్దేవా చేస్తారు. నాకు అందులో ఎద్దేవా చేయవలసినది కనబడదు.

ఇంతవరకు చెప్పినది తరగతికి సరిపోతుంది. కాని మా ఇంట్లో సమస్య పేర్లతోనూ శాసనాలతోనూ తీరేది కాదు.

అక్టోబరులో మా అమ్మాయీ అల్లుడూ ట్వెల్వ్ మైల్ రోడ్డుకు దగ్గరలో ఒక పాత ఇల్లు చూసుకొన్నారు. సంతకాలకు నిర్ణయమైనది మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు. తెనాలిలో ఉన్న మా అమ్మకు తొంభై ఏళ్ళు. ఆదివారం రాత్రి ఫోనులో ఈ మాట వినగానే, "మంగళవారమా? పైగా మూడింటికా? రాహుకాలం కదే!" అన్నది. అప్పటినుంచి మా ఇల్లు పంచాంగ పరిషత్తు అయింది.

మా అల్లుడు లెక్కల మనిషి. "అమ్మమ్మగారూ, ఇక్కడ మూడు గంటలంటే మీకు రాత్రి పన్నెండున్నర. మీ లెక్కకు బుధవారం వచ్చేసినట్లే" అన్నాడు. "పన్నెండు కొట్టగానే రోజు మారేది మీ గడియారానికి నాయనా! మనకు సూర్యోదయమైతేగాని వారం మారదు" అన్నది అమ్మ. మాట నిజమే. పైగా వారమైనా రాహుకాలమైనా మనమున్న ఊరి సూర్యుడినిబట్టే చూడాలి. తెనాలి సూర్యుడు ఫార్మింగ్టన్ హిల్స్‌కు పనికిరాడు. ఇందులో మా అల్లుడికి ఒక ఆసరా దొరికింది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే మంగళవారం ఏడవ భాగం రాహుకాలం. సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అయితేనే అది మూడునుంచి నాలుగున్నర. అక్టోబరులో మిషిగన్ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కనుక అది నాలుగింటి ప్రాంతంలోగాని మొదలుకాదు. జూన్‌లోనైతే సాయంత్రం అయిదు దాటిపోతుంది. రాహుకాలం గండం అలా గడిచింది. మంగళవారం గండం మిగిలింది.

అమ్మాయికి కోపం వచ్చింది. "దీనిని నువ్వు నమ్ముతావా అమ్మా? నమ్మకపోతే నమ్మనని అమ్మమ్మకు చెప్పవచ్చు గదా" అన్నది. నేను నమ్మను. కాని చెప్పలేకపోయాను. పిరికితనమని ఆమె అనుకొన్నది, కొంత అదే. కాని తొంభై ఏళ్ళ మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుని, మనవరాలి ఇంటికి ఏమవుతుందోనని జపం చేసుకొంటుంటే, నమ్మను అన్న నా మాటకు వెల ఆమె నిద్ర. నా స్వేచ్ఛకు నేనే వెల చెల్లిస్తున్నానని అనుకోవడం ఎంత సులభమో అంత తప్పు. అలాగని ఆమె భయానికి లోబడితే, దాని వెల ఎవరు చెల్లిస్తారు? నాకు తోచినంతలో ధర్మసందేహం ఇక్కడే ఉన్నది. కుజుడు మనకు కీడు చేస్తాడా లేదా అన్నది రెండవ ప్రశ్న. మన ఆచారం బిల్లు ఎవరి పేరుమీద పోతున్నదన్నది మొదటి ప్రశ్న. నేను మంగళవారం గోళ్ళు తీసుకోకపోతే నా గోళ్ళే పెరుగుతాయి, ఎవరికీ అభ్యంతరముండదు. ఇల్లు అమ్మేవారిని మరొక రోజుకు మార్చుకొమ్మనడం అటువంటిది కాదు.

అయినా అడిగాము. ఏజెంటు ద్వారా బుధవారం చేద్దామని కబురు చేశాము. అమ్ముతున్నామె ఎనభై దాటిన యూదు స్త్రీ. భర్త పోయాడు, కొడుకు దగ్గరకు క్లీవ్‌లాండ్ వెళ్ళిపోతున్నది. మంగళవారమే కావాలని ఆమె జవాబు పంపింది. మొండితనమనుకొన్నాము. చివరికి అమ్మాయి, ఇల్లు మరొకసారి చూసే నెపంతో వెళ్ళి, నెమ్మదిగా కారణమడిగింది. ఆమె చెప్పినది ఇది: సృష్టి జరిగిన మూడవ దినాన, వాళ్ళ గ్రంథంలో దేవుడు 'ఇది మంచిది' అని రెండుసార్లు అన్నాడట. మిగిలిన ఏ ఒక్క రోజు పనికీ రెండుసార్లు అనలేదు. వాళ్ళకు ఆదివారం మొదటి దినం గనుక మూడవది మంగళవారం. అందుకే వాళ్ళలో చాలామంది పెళ్ళికీ, ఇల్లు మారడానికీ మంగళవారాన్ని ఎన్నుకొంటారు. ఆమె పెళ్ళి మంగళవారం. ఈ ఇంట్లో భర్తతో కాపురానికి వచ్చినది మంగళవారం. వెళ్ళిపోవడం కూడా మంగళవారమే కావాలని ఆమె కోరిక.

అమ్మాయి ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తానే తెనాలికి ఫోను చేసి, అమ్మమ్మకు అంతా విడమరచి చెప్పింది. అవతల కొంతసేపు నిశ్శబ్దం. "రెండుసార్లా?" అన్నది అమ్మ. "రెండుసార్లే అమ్మమ్మా." "ఆవిడ దేవుడు రెండుసార్లు మంచిదన్నాక, మనం కాదంటే ఏం బాగుంటుంది? ఇల్లు వదిలి వెళ్ళే మనిషిని ఆపకూడదే. ఆవిడ కోరినట్లే సంతకం పెట్టండి. పాలు మాత్రం గురువారం పొంగించండి" అన్నది. ఇంత సులభంగా తేలుతుందని మేమెవరమూ అనుకోలేదు. మేము భయాన్ని తర్కంతో గెలవాలని చూశాము. అమ్మ అవతలి మనిషి ముఖం చూసింది, అంతే. తన భయాన్ని తానే రెండు రోజులు జరిపివేసింది. వద్దన్నది చెప్పడమే కాక, ఆపదలో దానిని దాటే దారి చూపడం కూడా ఆచారంలో భాగమని నాకు బోధపడింది. పుస్తకంలో చదివి ఆచారం పాటించేవారికి ఆ దారి కనబడదు.

ఇక్కడితో ఆగితే ఇది మంచి కథ. కాని ఫోను పెట్టేముందు అమ్మ నన్ను పిలిచి, "ఆ గుడివాడ అమ్మాయి సంగతి నీకేమైనా తెలిసిందా?" అని అడిగింది.

ఇరవైయెనిమిదేళ్ళ క్రితం మా తమ్ముడికి గుడివాడనుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల అందరికీ నచ్చింది. మా తమ్ముడికి మరీ నచ్చింది. జాతకాలు చూపిస్తే ఏడవ ఇంట కుజుడున్నాడన్నారు. కుజదోషముంటే భర్తకు ఆయుర్గండమని లోకంలో ఉన్న మాట మీకు తెలుసు. మేము వెనక్కు తగ్గాము. కారణం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇంటికి పెద్ద ఆడపిల్లను గనుక ఫోను చేసే పని నామీద పడింది. "మావాడు ఇంకా పైచదువులు చదువుతానంటున్నాడండీ" అని ఆమె తండ్రితో అబద్ధం చెప్పాను. ఆయన "సరేనమ్మా" అన్నారు. అబద్ధమని ఆయనకు తెలుసునని ఆ గొంతులో నాకు తెలిసింది. తరువాత మరి రెండు సంబంధాలు అదే కారణంగా తప్పిపోయాయని విన్నాము. దోషపరిహారమని ఆ అమ్మాయికి కదళీవివాహం, అంటే అరటిచెట్టుతో పెళ్ళి, జరిపించారట. బంధువులందరి ఎదుట పెళ్ళిబట్టలు కట్టుకొని అరటిచెట్టు పక్కన నిలబడిన ఆ పిల్లను నేను కళ్ళతో చూడలేదు. చూడకపోయినా ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

ఆ తరువాత నేను కూర్చుని లెక్క వేసుకొన్నాను. లగ్నంనుంచి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు ఇళ్ళలో ఎక్కడ కుజుడున్నా దోషమే అంటారు. పన్నెండు ఇళ్ళలో అయిదు పోయాయి. చంద్రుడినుంచి, శుక్రుడినుంచి కూడా ఇలాగే చూడాలంటారు. మూడింటినుంచీ చూస్తే దోషమున్నవారిని కాదు, లేనివారిని వెదకవలసివస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు మినహాయింపులు కూడా చాలా చెప్పారు. సంబంధం కావాలనుకొన్నవారికి మినహాయింపు దొరుకుతుంది. వద్దనుకొన్నవారికి దోషం దొరుకుతుంది. మేము ఏది వెదికామో మాకు తెలుసు. మగపిల్లవాడి జాతకంలోనూ ఈ దోషం చూడాలనే శాస్త్రం. కాని ఆ కారణంగా అరటిచెట్టు పక్కన నిలబడిన పెళ్ళికొడుకు గురించి నేనింతవరకు వినలేదు.

ఎనభై ఏళ్ళ యూదు స్త్రీ కోరిక వినగానే కరిగిన మా అమ్మ, అప్పుడెందుకు కరగలేదు? నేనెందుకు కరగలేదు? ఈ ప్రశ్న నేను అమ్మను అడగలేదు, తానే చెప్పింది. "ఆ రోజు ఆ పిల్లను ఎవరైనా తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టి, 'ఇదిగో, నువ్వు వద్దంటున్నది ఈమెనే' అంటే, నేను ఊఁ అనేదాన్నేనే. కాగితం మీద గళ్ళు చూసి వద్దనడం తేలిక" అన్నది. మేము పెళ్ళిచూపులలో ఆమెను చూశాము గదా అనబోయి ఊరుకొన్నాను. చూడటమంటే అది కాదని ఇద్దరికీ తెలుసు.

మన ఆలయాలలోనూ, సాయంకాలపు ఫోను మాటలలోనూ ఇప్పటికీ జాతకాలు చేతులు మారుతున్నాయి. ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్లల పెళ్ళిళ్ళలో కూడా కుజదోషం మాట వినబడుతున్నది. వాళ్ళకు ఆ మాటకు అర్థం తెలియదు. తమను ఎవరో కాదన్నారని మాత్రం తెలుస్తుంది. గోళ్ళ సంగతీ క్షవరం సంగతీ ఎవరి ఇష్టం వారిది. నోములు నోచుకొందాం, పొగ అలారం విప్పడం మరచిపోకుండా ఉంటే చాలు. కాని ఒక మనిషిని తిరస్కరించడానికి కుజుడిని సాక్షిగా పిలిచేవారు, ఫోను మరొకరిచేత చేయించక, తామే చేసి అసలు కారణం చెప్పాలని నేను కోరతాను. చెప్పడానికి నోరు రాకపోతే, ఎందుకు రాలేదో ఒకసారి ఆలోచించాలి. మా ఇంట్లో ఆ పని జరగలేదు.

మరుసటి ఆదివారం తరగతిలో ఆ బాలుడికి పేరు కథ చెప్పాను. నిండుకొన్న బియ్యం, కొండెక్కిన దీపం, వెళ్ళొస్తానన్న మాట, ఎఱ్ఱని కుజుడికి పెట్టిన మంచిపేరు. వాడు శ్రద్ధగా విని, "అంటే నానమ్మకు భయమా?" అన్నాడు. అవునన్నాను. "మరి నేను బుధవారం తీసుకొంటానులే" అన్నాడు, గోళ్ళ గురించి.

సంతకాలు మంగళవారం మూడింటికే అయ్యాయి. గురువారం తెల్లవారుజామున పాలు పొంగించాము. తెనాలినుంచి అమ్మ వీడియోలో చూసింది. గడపకు పసుపు రాస్తుంటే మా మనవరాలు గుమ్మం కుడివైపు కొయ్యమీద చెయ్యి పెట్టి, ఇవేమిటని అడిగింది. ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటి, రెండు చిన్న మేకు రంధ్రాలు. వాటి చుట్టూ రంగు కొంచెం కొత్తగా ఉన్నది. అక్కడ ఆ ఇంటామె తన దేవుడి మాట వ్రాసిన చిన్న పెట్టెను బిగించి ఉంచుకొన్నది. వెళ్తూ తనతో తీసుకువెళ్ళింది. రంగులు వేసేవాడు వాటిని పూడ్చిపెడతానన్నాడు. మా అమ్మాయి వద్దన్నది.